వ్యాసపత్రమా, పరీక్షా పత్రమా? దూరవిద్యలో పట్టాను ఎన్నుకునే విధానం

పటాన్‌చెరులో ఒక శుక్రవారం జుమా నమాజు ముగిసిన తర్వాత ఒక యువకుడు నా వద్దకు వచ్చి, జేబులోనుంచి రెండు కరపత్రాలు తీసి చేతికిచ్చాడు. అతడు పాశమైలారంలోని ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ విభాగంలో పనిచేస్తున్నాడు. మదర్సాలో ఆలిమ్ కోర్సు పూర్తిచేసి, ఆ తర్వాత ఓపెన్ స్కూల్ ద్వారా ఇంటర్మీడియట్ గట్టెక్కాడు. డిగ్రీ చేసి, బి.ఎడ్. చదివి, ఉర్దూ ఉపాధ్యాయుడు కావాలని అతని కోరిక. ఫీజు కొరకు ఎనిమిది నెలలుగా జీతంలోనుంచి కొంత కొంత దాస్తున్నాడు.

"మౌలానా సాబ్, ఒకదాంట్ల పేపర్లు రాసి పంపితే చాలట, పరీక్షల్లేవట. ఇంకోదాంట్ల పరీక్షలే అసలుదట. నాకు ఏది మంచిది?" అని అడిగాడు.

ఇస్నాపూర్, బొల్లారం, రామచంద్రాపురం, సంగారెడ్డి ప్రాంతాలలో ఫ్యాక్టరీ పని చేసుకుంటూ చదువుకోదలచిన యువకులు ఎందరో ఈ ప్రశ్న వేస్తున్నారు. దీనికి తొందరపడి సమాధానం చెప్పడం సరికాదు. ఎన్నిక తప్పితే పోయేది ఫీజు ఒక్కటే కాదు. నైట్ షిఫ్టు దిగివచ్చి నిద్ర మానుకొని చదివిన మూడు సంవత్సరాలు కూడా పోతాయి. కావున ఈ విషయాన్ని మొదటినుంచి పరిశీలిద్దాం.

ఒక మాట, రెండు అర్థాలు

అనువాదకునిగా నాకు మొదట కనిపించే చిక్కు మాటలోనే ఉన్నది. మన వాడుకలో 'పేపర్ రాశాను' అంటే పరీక్ష రాశానని అర్థం. విదేశీ విశ్వవిద్యాలయాల కరపత్రాలలో 'పేపర్' అంటే విద్యార్థి ఇంటివద్ద గ్రంథాలు చదివి, ఆలోచించి, స్వయంగా రాసి సమర్పించే వ్యాసం. మన దూరవిద్యా సంస్థలు దీని చిన్న రూపాన్ని 'అసైన్‌మెంటు' అంటాయి. పెద్ద రూపం సిద్ధాంత వ్యాసం, అనగా థీసిస్. ఈ వ్యాసంలో మొదటిదాన్ని పరీక్ష అనీ, రెండవదాన్ని వ్యాసపత్రం అనీ పిలుస్తాను.

ఈ రెండూ ఒకే వస్తువును కొలిచే రెండు తూకాలు కావు. ఏ పుస్తకమూ ఎదుట లేనప్పుడు మనిషి తనలో ఎంత మోసుకొని తిరుగుతున్నాడో పరీక్ష కొలుస్తుంది. పుస్తకాలన్నీ ఎదుట ఉన్నప్పుడు వాటితో అతడు ఏమి నిర్మించగలడో వ్యాసపత్రం కొలుస్తుంది. పసిబిడ్డకు మందు మోతాదు చెప్పే వైద్యునిలో మొదటి గుణం ఉండాలి. ఒక పాత గ్రంథాన్ని మరొక భాషలోకి తెచ్చే వానిలో రెండవది ఉండాలి. ఉపాధ్యాయునికి రెండూ అవసరమే.

పూర్వం ఎలా ఉండేది?

ఎక్కడ చదివినా సరే, వచ్చి పరీక్ష రాసి పట్టా తీసుకోవచ్చునన్న పద్ధతిని పెద్ద ఎత్తున తెరిచినది లండన్ విశ్వవిద్యాలయం. 1858 నాటి దాని చార్టర్ వలన, అనుబంధ కళాశాలలో చదవనివారికి కూడా ఆ పరీక్షలకు కూర్చునే అవకాశం కలిగింది. అంతకు ఒక ఏడాది ముందు, 1857లో, కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు ఆ లండన్ నమూనాపైనే ఏర్పడినాయి. అవి తొలిదశలో ప్రధానంగా పరీక్షలు జరిపే సంస్థలే. బోధన కళాశాలలలో జరిగేది. మన ఇళ్లలో 'ప్రైవేటుగా కట్టి పాసయ్యాడు' అన్న మాట ఈ పద్ధతి మిగిల్చినదే. 1918లో ప్రారంభమైన దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు కూడా ఈ కోవలోనివే. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష అంటూ మెట్టుమెట్టుగా రాసి, ఇల్లు కదలకుండా హిందీ నేర్చిన తెలుగువారు ప్రతి ఊరిలోనూ ఉన్నారు.

మదర్సాల సంప్రదాయంలో ఇజాజత్ అనేది మరొక మార్గం. విద్యార్థి గురువు ఎదుట గ్రంథాన్ని ఆసాంతం చదువుతాడు. గురువు విని, తప్పుచోట ఆపి, సరిదిద్ది, చివరకు దానిని ఇతరులకు బోధించే అనుమతిని ఇస్తాడు. ఆ అనుమతిని ఇచ్చేది ఒక సంస్థ కాదు, పేరున్న ఒక మనిషి. మధ్యయుగపు ధర్మశాస్త్ర విద్యాలయాలలో విద్యార్థి గురువు పాఠాలనుంచీ వాదాలనుంచీ తన సొంత వివరణ గ్రంథాన్ని కూర్చుకొనేవాడు. దానిని 'తాలీఖా' అనేవారు. నేటి వ్యాసపత్రానికి అది పూర్వీకుడని చెప్పవచ్చు.

పరీక్షకు సంబంధించి బాగ్దాదు చరిత్రలో ఒక ప్రసిద్ధ వృత్తాంతం ఉన్నది. హిజ్రీ 319, అనగా క్రీ.శ. 931లో, ఒక వైద్యుని పొరపాటు వలన రోగి మరణించినట్లు ఖలీఫా అల్ ముఖ్తదిర్‌కు తెలిసింది. పరీక్షించబడనిదే ఎవరూ వైద్యం చేయరాదని ఆయన ఆజ్ఞాపించి, ఆ బాధ్యతను సినాన్ బిన్ సాబిత్ అనే వైద్యునికి అప్పగించాడు. ఎనిమిది వందల అరవైకి పైబడినవారు పరీక్షకు వచ్చారని వైద్యుల చరిత్రలు రాసినవారు చెబుతారు. వారిలో చక్కని దుస్తులు ధరించిన ఒక వృద్ధుడు ఉన్నాడు. ఆయన హుందాతనం చూసి సినాన్ గౌరవంగా కూర్చోబెట్టి, తమరు ఎవరివద్ద చదివారని అడిగాడు. వృద్ధుడు దీనారాల మూట తీసి ముందుంచి, తనకు చదవడం రాయడం సరిగా రాదనీ, కుటుంబం ఈ వృత్తిమీదనే బతుకుతున్నదనీ ఒప్పుకున్నాడు. తెలియని రోగం జోలికి పోరాదు, ప్రమాదకరమైన చికిత్సలు చేయరాదు అనే షరతులతో సినాన్ ఆయనను విడిచిపెట్టాడు. మరునాడు ఒక యువకుడు వచ్చాడు. ఎవరివద్ద చదివావంటే, మా తండ్రిగారివద్ద అన్నాడు. తండ్రి ఎవరంటే, నిన్న తమరు చూసిన ఆ పెద్దమనిషే అన్నాడు.

ఈ కథను నవ్వుకోవడానికి చెబుతుంటారు. కాని పరీక్షాధికారి వేసిన ప్రశ్న గమనించదగినది. ఎవరివద్ద చదివావు అని అడిగాడు. ఆ ప్రశ్నకు మనం మళ్లీ వద్దాం.

నేటి నిబంధనలు

మన రాష్ట్రంలో దూరవిద్యకు మంచి చరిత్ర ఉన్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1977లో కరస్పాండెన్స్ కోర్సులకు ప్రత్యేక సంస్థను నెలకొల్పింది. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడింది; నేడు దానిని డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అంటున్నాము. దాని మొదటి ఉపకులపతి జి. రాంరెడ్డిగారే 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి, అనగా ఇగ్నోకు, తొలి ఉపకులపతి అయ్యారు. 1998లో హైదరాబాదులో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో దూరవిద్యను అందిస్తున్నది.

ఇక ముఖ్య విషయం. యూజీసీ 2020లో దూరవిద్యకూ ఆన్‌లైన్ విద్యకూ కలిపి నిబంధనలు చేసింది. వాటి ప్రకారం మార్కులలో అసైన్‌మెంట్లు మొదలైన అంతర్గత మూల్యాంకనానికి గరిష్ఠంగా 30 శాతం, సెమిస్టరు చివరి పరీక్షకు కనీసం 70 శాతం కేటాయించాలి. అనగా భారతదేశంలో గుర్తింపు పొందిన ఆన్‌లైన్ డిగ్రీ ఏదైనా సరే, పరీక్ష లేకుండా పూర్తికాదు. 'పరీక్షల్లేవు, వ్యాసాలు పంపితే పట్టా' అని ఏ కరపత్రమైనా చెబితే అది విదేశీ సంస్థ అయి ఉండాలి, లేదా గుర్తింపు లేనిదై ఉండాలి. థీసిస్ మీద ఆధారపడిన పిహెచ్.డి.ని దూరవిద్య ద్వారా గాని, ఆన్‌లైన్ ద్వారా గాని ఇవ్వడాన్ని ఆ నిబంధనలే నిషేధించాయి.

విదేశీ సంస్థల వ్యాసపత్ర పద్ధతి తక్కువది అని నా భావం కాదు. 1969లో స్థాపించబడి 1971లో బోధన ప్రారంభించిన బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ, బోధకుడు దిద్ది పంపే వ్యాసపత్రాన్నే తన బోధనకు వెన్నెముకగా చేసుకున్నది. జ్ఞానం కొరకే చదివేవారికి అటువంటి చదువు ఎంతో మేలు చేయవచ్చు. కాని బి.ఎడ్. ప్రవేశానికీ, ప్రభుత్వ ఉద్యోగానికీ ఆ పట్టా ఇక్కడ చెల్లుతుందా అన్నది వేరే ప్రశ్న. ఆన్‌లైన్ ద్వారా పొందిన విదేశీ పట్టాకు ఇక్కడ సమానత్వం లభించడం కష్టం. మీరు చేరదలచిన తదుపరి సంస్థనుంచి రాతపూర్వకంగా సమాధానం తీసుకున్న తర్వాతే డబ్బు కట్టాలి.

పరీక్ష: షిఫ్టు కార్మికుని కోణం

పరీక్షకు ఉన్న మొదటి మేలు, అది ఎప్పుడో ఒకరోజు వచ్చి ముగిసిపోతుంది. ఫ్యాక్టరీలో ఆర్డర్లు ఎక్కువగా ఉన్న నెలలో పుస్తకం ముట్టకపోయినా, పని తగ్గిన నెలలో పట్టి చదవవచ్చు. బస్సులోనో, షిఫ్టు బస్సుకొరకు నిలబడినప్పుడో పావుగంట చదివినా పనికివస్తుంది. రెండవ మేలు, ఇరుకు గదిలో నలుగురు కలిసి ఉండేవానికి రాసుకొనే బల్ల, కంప్యూటరు లేకపోయినా పరీక్షకు తయారుకావచ్చు. మూడవది, హాలులో కూర్చుని రాసింది ఎవరిదన్న సందేహం రాదు.

కీడు కూడా ఉన్నది. పరీక్ష తేదీ మన షిఫ్టును అడిగి రాదు. ఇగ్నో పరీక్షలు జూన్‌లోనూ డిసెంబరులోనూ జరుగుతాయి. ఆ తేదీలలో కాంట్రాక్టు కార్మికునికి సెలవు దొరకకపోతే ఆరు నెలలు వెనుకబడినట్లే. కావున చేరకముందే సూపర్‌వైజరుతో మాట్లాడుకోవాలి. షిఫ్టు మార్చుకోవడానికి తోటివానిని ముందే ఒప్పించుకోవాలి. మరొక విషయం, మూడు గంటలు ఆగకుండా చేతితో రాయడం ఒక శారీరక అభ్యాసం. నేను మదర్సానుంచి విశ్వవిద్యాలయానికి వచ్చినప్పుడు మొదటి ఏడాది ఒక సబ్జెక్టు తప్పాను. విషయం తెలియక కాదు, అయిదు ప్రశ్నలలో మూడు రాసేసరికే గంట కొట్టారు. ఆ వేసవి అంతా గడియారం ముందు పెట్టుకొని రాయడమే చేశాను.

వ్యాసపత్రం: అదే కోణం

వ్యాసపత్రం సులువని చాలామంది అనుకుంటారు. పుస్తకం చూసి రాయవచ్చు కదా అంటారు. ఆ సులువు పైకి కనిపించేదే. నా అనుభవంలో ఆరు పుటల నిజమైన వ్యాసానికి చదవడం, చిత్తుప్రతి, సాపుప్రతి కలిపి పదిహేను గంటలు పడుతుంది. అవి ముక్కలుగా పనికిరావు. కనీసం రెండేసి గంటలు కలిసి రావాలి. వారానికొకసారి షిఫ్టు మారేవానికి, అందులో పన్నెండు గంటల పని చేసేవానికి, ఆ రెండు గంటలు ఎక్కడ దొరుకుతాయో ముందే లెక్కవేసుకోవాలి. పైగా గ్రంథాలు కావాలి, రాసే భాష మీద పట్టు కావాలి. ఇంట్లో దక్కనీ ఉర్దూ, పనిలో తెలుగు హిందీ, వ్యాసం మాత్రం ఇంగ్లీషులో అంటే మూడు గుమ్మాలు దాటాలి.

ఇక్కడే ఒక ప్రమాదం పొంచి ఉన్నది. సిద్ధంగా రాసిపెట్టిన అసైన్‌మెంట్లు డబ్బుకు దొరుకుతాయి. అడిగిన చేతిరాతలో రాసిచ్చేవారూ ఉన్నారు. 2022 నవంబరులో చాట్ జీపీటీ వచ్చిన తర్వాత డబ్బుతో కూడా పనిలేకుండా పోయింది. ఏ అంశం మీదనైనా యంత్రం నిమిషంలో వ్యాసం అల్లి ఇస్తున్నది. హదీసు శాస్త్రంలో 'తద్‌లీస్' అనే దోషం ఉన్నది. తాను ఎవరివద్ద విన్నాడో ఆ మనిషిని మరుగుపరచి, పైవానినుంచే నేరుగా విన్నట్లు భ్రమ కలిగించేలా చెప్పడం. పండితులు అటువంటి కథకులను పేరుపేరునా గుర్తించి జాబితాలు కట్టారు. ఇతరుల రాతను తనదిగా పంపడం దానికంటే తక్కువ దోషమేమీ కాదు. చట్టం కూడా మౌనంగా లేదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం సిద్ధాంత వ్యాసంలో ఇతరుల రచనతో పోలిక 10 శాతం దాటితే దిద్ది తిరిగి సమర్పించాలి. 40 దాటితే ఒక సంవత్సరం వరకు సమర్పించే వీలులేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది.

చట్టాన్ని పక్కన పెట్టినా నష్టం విద్యార్థికే. ఫీజు కట్టింది రాయడం నేర్చుకోవడానికి. కొన్న వ్యాసం పంపినవాడు ఫీజు కట్టి, పాఠం వదులుకున్నట్లు అయింది.

అసలు అడగవలసిన ప్రశ్న

అయితే తప్పంతా విద్యార్థులదేనా? నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. ఉత్తర ప్రత్యుత్తర పద్ధతిలో ఎం.ఏ. చేస్తున్నప్పుడు అనువాద సమస్యల మీద ఒక అసైన్‌మెంటును నెల రోజులు కష్టపడి రాశాను. లోపలి పుటలో ఒక తప్పు దొర్లితే తెల్లకాగితం ముక్క అతికించి దిద్దాను. ఆ జిగురు ఎదుటి పుటకు కూడా అంటుకొని, రెండు పుటలూ ఒకటైపోయినాయి. పంపేటప్పుడు నేను గమనించలేదు. మార్కులు వేసి తిరిగి పంపినప్పుడు చూస్తే ఆ రెండు పుటలూ అలాగే అతుక్కొని ఉన్నాయి. మొదటి పుట మీద ఒక అంకె, ఒక సంతకం. అంతే. ఆ సంస్థను నిందించడం నా ఉద్దేశం కాదు. వందల కట్టలు ముందున్న మనిషి ఏం చేయగలడు? కాని ఆ తర్వాతి అసైన్‌మెంటును నేను అంత శ్రద్ధగా రాయలేదని ఒప్పుకోవాలి.

మదర్సాలో మా ఉస్తాద్ ఒకరు ఉండేవారు. అరబీ వాక్యం చదువుతుంటే ఒక్క స్వరచిహ్నం తప్పినా చేయెత్తి ఆపేవారు. ఎందుకు తప్పో మాచేతనే చెప్పించేవారు. ఒక పుట దాటడానికి ఒక్కోసారి రెండు రోజులు పట్టేది. నేడు నేను అనువాదంలో చేయిచాపి తీసుకొనేది ఆ రెండు రోజుల పుటలనుంచే.

కావున సినాన్ బిన్ సాబిత్ వేసిన ప్రశ్ననే మనం సంస్థలకు వేయాలి. వ్యాసపత్రమా, పరీక్షా అన్నది రెండవ ప్రశ్న. మొదటిది ఇది: నేను రాసింది ఎవరు చదువుతారు? తప్పులు గుర్తించి, ఎందుకు తప్పో రాసి నాకు తిరిగి పంపుతారా? చదివేవాడు ఉన్నచోట వ్యాసపత్రాన్ని మించిన బోధన లేదు. చదివేవాడు లేనిచోట వ్యాసపత్రం కాగితాల కట్ట మాత్రమే. అటువంటప్పుడు పరీక్షే నయం, ఎందుకంటే పరీక్షకు తయారైనవాడు ఎవరూ దిద్దకపోయినా కొంత నేర్చుకునే తీరుతాడు.

ఆచరణలో

చేరదలచినవారు ఈ క్రమంలో విచారించుకోవడం మంచిది.

మొదటిది గుర్తింపు. యూజీసీ దూరవిద్యా విభాగం వారి జాబితాలో ఆ సంస్థతోపాటు ఆ కోర్సు, ఆ సంవత్సరం కూడా ఉన్నాయో లేదో చూడాలి. 2024 నుంచి దూరవిద్యలో చేరేవారు ఆ విభాగం వెబ్‌సైటులో డెబ్ ఐడీ తీసుకోవలసి ఉన్నది. గుర్తింపు ఉన్న దూరవిద్యా పట్టా రెగ్యులర్ పట్టాతో సమానమని యూజీసీ 2022 సెప్టెంబరులో స్పష్టం చేసింది. కావున 'దూరవిద్య పట్టా చెల్లదు' అనే మాటకు భయపడనక్కరలేదు.

రెండవది చదివేవారు. అదే కోర్సు చదువుతున్న సీనియరును వెదికి, దిద్దబడిన అతని అసైన్‌మెంటును చూపమని అడగాలి. లోపలి పుటల్లో ఎర్రసిరా ఉన్నదా, పై పుట మీద అంకె ఒక్కటే ఉన్నదా? ఈ ఒక్క చూపు పది కరపత్రాలకంటే ఎక్కువ చెబుతుంది.

మూడవది కాలం. ఒక నెల షిఫ్టుల పట్టికను ముందు పెట్టుకొని, కలిసివచ్చే రెండు గంటలు ఎన్ని ఉన్నాయో గుర్తుపెట్టాలి. అవి వారానికి మూడుకంటే తక్కువైతే వ్యాసపత్రాల భారం ఎక్కువగా ఉండే కోర్సు జోలికి పోకపోవడమే మేలు.

నాలుగవది గమ్యం. ప్రవేశపరీక్షలు, ఉద్యోగ పరీక్షలు రాయవలసినవాడు పరీక్షకు అలవాటుపడాలి. పరిశోధన, పత్రికా రచన, అనువాదం కోరుకునేవాడు ఎక్కడో ఒకచోట వ్యాసపత్రం రాయడం నేర్వాలి.

ఈ విషయాలన్నీ ఆ యువకునికి చెప్పాను. పరీక్షల్లేవన్న ఆ కరపత్రం విదేశీ సంస్థది. ఆ పట్టాతో బి.ఎడ్.కు తీసుకుంటారా అని అతడు రెండుచోట్ల విచారిస్తే, తీసుకోమనే జవాబు వచ్చింది. పరీక్షా విధానం ఉన్న విశ్వవిద్యాలయంలోనే చేరాడు. కొన్ని వారాల తర్వాత మళ్లీ కనిపించి, "వారానికి ఒక పుట రాసి తెస్త, చూస్తరా?" అని అడిగాడు. సరేనన్నాను.

మొదటి శుక్రవారం తెచ్చిన పుటలో చాలా భాగం పాఠ్యపుస్తకంలోనిదే. మధ్యలో నాలుగు వాక్యాలు మాత్రం పుస్తకంలో లేవు. భాష తడబడింది, ఒక క్రియ తప్పింది. ఆ నాలుగింటి కిందనే ఎర్రగీత గీసి, వచ్చేవారం వీటితో మొదలుపెట్టమని చెప్పాను. తప్పులకు గీత గీశాననుకొని అతడు కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. అవి నీవి కనుక గీశానని చెప్పిన తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకొని సెకండు షిఫ్టుకు వెళ్లాడు.